గేటు బయట చప్పట్లు

నిల్దా తీసిన ఫొటోల్లో బాగా పేరొచ్చింది ఆ రేకుల ఇంటి ఫొటోకే. ఒరిగిపోయిన కిటికీ తలుపులు, నడుమెత్తు గడ్డి, పైన మబ్బు. కింద "ఎవరూ లేని ఇల్లు" అని రాసి పెడితే, ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా కన్నీళ్ల బొమ్మలు పంపారు. ఆదివారాలు పాంపా గడ్డిమైదానాల మట్టిరోడ్ల మీద పాడుబడ్డ రైల్వే స్టేషన్లూ మూతపడ్డ కొట్లూ వెతుక్కుంటూ తిరగడం ఆమెకి సరదా. కారు నడపడం భర్త ఎల్వియోకి శిక్ష.

ఈసారి లోపలి గదులు కూడా తీద్దామని మళ్లీ వచ్చారు. గేటు దగ్గర నిలబడి అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టింది. ఆ పల్లెల్లో ఎవరింటికెళ్లినా అంతే. లోపలివాళ్లు పలికేదాకా గేటు దాటకూడదు.

"దయ్యాలక్కూడా మర్యాదలేనా?" అన్నాడు ఎల్వియో.

"చప్పట్లు కొట్టకుండా కోళ్లే వస్తాయని మీ అమ్మేగా నేర్పింది!"

"వస్తున్నా!" అంది ఇంట్లోంచి ఒక గొంతు.

ఎల్వియో చేతిలోని మాతే ఆకు టీ సగం చొక్కా మీద ఒలికింది.

గుమ్మంలోకి వచ్చిన ముసలావిడ పేరు ఎమెరీతా. పెద్దావిడల్ని అక్కడ గౌరవంగా 'దోన్యా' అంటారు. ఇద్దరినీ కూర్చోబెట్టి, తన మాతే గిన్నెలో వేడినీళ్లు పోసి అందించింది.

"చప్పట్లు విని ఎన్నాళ్లయిందో తల్లీ! చుట్టూ సోయా వేసే కౌలుదారు ఉన్నాడే, వాడు తిన్నగా లోపలికొచ్చేస్తాడు. మొన్నొచ్చి ఫోన్లో ఫొటో చూపించాడు. 'ఎవరూ లేని ఇల్లని లోకమంతా అంటోంది, ఉన్నానని నువ్వొక్కదానివే అంటున్నావు' అన్నాడు. బుధవారం బుల్డోజర్ తెస్తాడట. ఆ ఫొటో ఏ మహాతల్లి తీసిందో గానీ, రోడ్డు మీంచే తీసుకుపోయింది."

నిల్దా నాలుక కాలింది. "ఆ మహాతల్లిని నేనే, దోన్యా ఎమెరీతా."

"తెలుసు. ఈ పచ్చ కారే. తెర వెనకనుంచి చూశాను. చప్పట్లు కొడతావని జుట్టు కూడా దువ్వుకుని కూర్చున్నాను."

ఎల్వియో చొక్కా మీది మరకని శ్రద్ధగా తుడుచుకోసాగాడు.

నిల్దా ఆవిడని గుమ్మంలో నిలబెట్టి ఫొటో తీసింది. "దోన్యా ఎమెరీతా ఇల్లు" అని రాసింది. పంపుదామంటే సిగ్నల్ లేదు. పాతది తీసేద్దామన్నా లేదు. తీసేసినా అది ఈపాటికి ఎన్ని ఫోన్లలో కాపురం పెట్టిందో!

"ఊళ్లోకెళ్లగానే రెండూ చేస్తాను. బుధవారం పొద్దున్నే వచ్చి మీ గుమ్మంలో కూర్చుంటాం," అంది.

"నన్నడిగావా?" అన్నాడు ఎల్వియో.

"లేదు."

వాళ్ల కారు మలుపు దాకా వెళ్లిందో లేదో, ఎదురుగా వచ్చిన తెల్లకారు ఆ గేటు ముందే ఆగింది. అద్దం దిగింది. ఫోను పట్టుకున్న చెయ్యి బయటికొచ్చి ఇంటివైపు తిరిగింది.

"ఆపు!"

నిల్దా దుమ్ములోకి దిగి, రెండు చేతులూ ఎత్తి, అరచేతులు మండేలా చప్పట్లు కొట్టింది. ఆ చెయ్యి కదల్లేదు. గాలి మాత్రం ఇంటివైపే వీస్తోంది.

తలుపు తెరుచుకుంది. కారులోని అతను అప్పటికే ఫొటో నొక్కేశాడో లేదో గానీ, దోన్యా ఎమెరీతా జుట్టు సవరించుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.