రెప్ప కింద తెలుపు

ఇలా రా తల్లీ, నా పక్కన కూర్చో, ఆ తలుపు దగ్గరగా వెయ్యి. మనింట్లో ఏటా పొట్టేలు ఎందుకు కోస్తారో మీ తాత చెబితే విన్నావు. ఇప్పుడు నేను చెబుతాను, విను.

యాభై ఆరులో మీ తాత పాత కారు ఒకటి కొన్నాడు. మైదుకూరు పక్కన మా ఊళ్ళో కారున్న ఇల్లు మాదొక్కటే. కొన్న నెలకే, ఎర్రగుంట్ల నుంచి వస్తూ వంక దగ్గర అది గుంతలోకి ఒరిగింది. అందులో ఉన్నది మీ తాత, డ్రైవరు గోపన్న, ఏడేళ్ళ నా కూతురు, మీ మేనత్త కృష్ణవేణి. ఎవరికీ చర్మం గీసుకోలేదు. ఎద్దులు కట్టి లాగించి, అదే కార్లో సాయంత్రానికి ఇల్లు చేరారు. మా అత్త సుబ్బరత్నమ్మ కారు చుట్టూ తిరిగి, సొట్టపడిన రేకును అరచేత్తో నిమిరింది. పిల్లను ఎవరూ నిమరలేదు. నేనూ నిమరలేదు, చూడవచ్చినవాళ్ళకు మజ్జిగ పోస్తున్నాను.

కారు నెత్తురు కోరిందన్నారు. మర్నాడు చక్రం ముందు పొట్టేలును కోసేదాకా కారు కదలకూడదన్నారు. అరవై మందికి కూర. తెల్లారి ఆ మసాలా అంతా నూరాల్సింది నేను. పిల్ల రాత్రి నుంచి గంజి కూడా ముట్టలేదు. కడుపు నొప్పి అంది, ఎడమ భుజం లాగుతోంది అంది. రవిక విప్పి చూస్తే భుజం మీద కమిలిన మచ్చ కూడా లేదు. మా అత్తకు అది చాలు.

"దెబ్బ యాడుండాదో సూపియ్యమను. తల్లి మాదిరే, ఇంట్లో పనుంటే నొప్పులొస్తాయి దీనికి."

మీ తాతకు చెబితే, శుభమా అని పొట్టేలును కోసి దేవర చేస్తుంటే ఏడుపు మొగం పెట్టొద్దన్నాడు. ఆ ఇంట్లో నేను కూరలో ఉప్పులాంటిదాన్ని, తక్కువైనప్పుడే గుర్తొచ్చేదాన్ని.

పొట్టేలును తోలుకొచ్చిన గొర్రెల ఈరక్క వంటింటి గడప దగ్గర నీళ్ళడిగింది. చాప మీద ముడుచుకున్న పిల్లను చూసి దగ్గరికొచ్చి, గొర్రెకు చూసినట్టే కింది రెప్పను లాగింది. లోపల సున్నం కొట్టినట్టుంది.

"నెత్తురు పైన కారకుంటే లోపల కారతాండాదమ్మా. గొర్రె కన్ను ఇట్లయితే మేము పొద్దుగూకేదాకా ఆశ పెట్టుకోము."

రోలు వదిలేశాను. పిల్లను భుజాన వేసుకుని, కారం చేతులతోనే పోయి, పూలదండలు వేసిన ఆ కార్లో కూర్చున్నాను. అరిష్టమని అత్త, పరువు తీస్తున్నానని మీ తాత. గోపన్న మీ తాత మొగం వైపు చూశాడు. పదేళ్ళ కాపురంలో మొగవాళ్ళ ముందు నేను నోరు విప్పింది అదే మొదలు.

"నువ్వు సూడాల్సింది ఆయన మొగం కాదు గోపన్నా, పిల్ల కన్ను. కడపకు తోలు."

తోలాడు.

ఆసుపత్రిలో కడుపు కోసి చూశారు. లోపల ఎడమ పక్కన ప్లీహం చిట్లి, కారు ఒరిగినప్పటి నుంచి నెత్తురు కారుతూనే ఉందట. ఆ నొప్పే భుజానికి ఎక్కిందట. ఇంకో పూట ఆగి ఉంటే దక్కేది కాదంది డాక్టరమ్మ.

ఇక్కడ ఇంటి దగ్గర, కారు లేకపోయినా, దాని చక్రం జాడ మీదే పొట్టేలును కోశారు. పిల్లను ఆ పొట్టేలే కాపాడిందని మీ తాత ఇప్పటికీ చెబుతాడు, అందుకే ఏటా కోయిస్తాడు. ఈరక్క పేరు ఎత్తడు. మా అత్త పోయేదాకా ఆ రోజును, కోడలు కూర వండకుండా పోయిన రోజు అనే తలచుకుంది.

రేపు నీ పిల్లలకు ఇది నువ్వే చెప్పాలి. బండితో పాటు పడి లేచిన బిడ్డ నొప్పి అంటే, నెత్తురు కనబడితేనే నమ్ముతామనొద్దని చెప్పు. ఈరక్క పేరు మరవకుండా చెప్పు. పొట్టేలు మాట ఎవరైనా ఎత్తితే, దాన్ని కోసే వేళకు మా అవ్వ బిడ్డనెత్తుకుని కడప దారిలో ఖాజీపేట దాటేసిందని చెప్పు.