తెలియనట్టు

మా ఆశ్రమంలో నియమం ఒక్కటే. నా అన్నవాళ్లు ఒక్కరున్నా చేర్చుకోరు. ఏ దిక్కూ లేని ముసలివాళ్లకే ఉచితంగా మంచం, తిండి, మందులు. మంచాలు తక్కువ, ఎదురుచూసేవాళ్లు ఎక్కువ కాబట్టి తప్పుపట్టలేం. కానీ కూతురుండి కూడా దిక్కులేనివాళ్లుంటారని నియమం పెట్టిన మహానుభావులకు తట్టలేదు.

మా అమ్మ అలాంటిదే. నా భర్త పోయాక ఇల్లిల్లూ తిరిగి వంట చేసి బతికేదాన్ని. మంచాన పడ్డ అమ్మను అద్దెగదిలో పెట్టి తాళం వేసి వెళ్లేదాన్ని. ఒకరోజు తిరిగొచ్చేసరికి మంచం మీంచి పడి, నీళ్ల కోసం తలుపు దాకా పాకి ఉంది. ఆ రోజే నిర్ణయించుకున్నాం. ముందు నేనిక్కడ వంటమనిషిగా చేరాను. తర్వాత పక్కింటివాళ్లు అమ్మను తీసుకొచ్చారు. నేను నేర్పినట్టే, తనకెవరూ లేరని చెప్పింది. చేర్చుకున్నారు.

అప్పట్నుంచి ఇద్దరం పరాయివాళ్లం. నేను "తినండమ్మా" అని పళ్లెం పెట్టేదాన్ని. తను నన్ను "వంటావిడా" అనేది. నాటకాల్లో ఉండాల్సిన మనిషి మా అమ్మ. వంటావిడకు ఉప్పు వెయ్యడం చేతకాదని ఆశ్రమం నడిపే పెద్దాయనకే ఫిర్యాదు చేసింది. ఆయన మందలిస్తే నాకు ఒళ్లు మండింది. మర్నాడు పళ్లెం కింద నా చిటికెన వేలు నొక్కింది. ఆ తర్వాత రోజూ నొక్కేది. మేం తల్లీకూతుళ్లుగా ఉండేది ఆ కాసేపే.

కొన్నాళ్లకు వేలు నొక్కడం మానేసింది. జాగ్రత్త పడుతోందనుకున్నాను. ఒకసారి నన్ను ఎగాదిగా చూసి, కొత్తగా చేరావా అని అడిగింది. పక్కమంచం ఆవిడ వింటోంది కదా, ఎంత బాగా నటించిందో అని వంటింట్లోకొచ్చి నవ్వుకున్నాను. మతిమరుపు బాగా ముదిరిందని నర్సు చెప్పినా నమ్మలేదు. మా అమ్మ అలాంటి నర్సుల్ని నలుగుర్ని సంతలో అమ్మేసి రాగలదు.

తర్వాత తిండి తగ్గింది. ఇక ఎన్నాళ్లో ఉండదని డాక్టరు చెప్పాడు. వంటవాళ్లు పళ్లెం పెట్టి వచ్చెయ్యాలి గాని మంచం దగ్గర కూర్చోకూడదు. పోయేముందు అమ్మ చేత ఒక్కసారి "అమ్మాయీ" అనిపించుకోవాలని నా ఆశ. ఉద్యోగం పోతే పోయిందని పెద్దాయన దగ్గరికెళ్లి ఉన్నదంతా చెప్పేశాను.

 ఈ స్థితిలో ఆమెను ఎక్కడికీ పంపబోమనీ, వెళ్లి పక్కన కూర్చోమనీ అన్నాడు. నా వెంట తనూ వచ్చాడు.

అమ్మ చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, ఇంక దాచక్కర్లేదు. పెద్దాయనకు అంతా చెప్పేశాను. నేనే, నీ కూతుర్ని."

అమ్మ చెయ్యి లాగేసుకుంది. నన్ను దాటి పెద్దాయన వైపు చూసి, చేతులు జోడించింది.

"అయ్యా, ఈవిడెవరో నాకు తెలీదు. నాకెవరూ లేరు. కూతురుందని చెప్పి నన్ను బయటికి గెంటించాలని చూస్తోంది. నన్ను పంపెయ్యకండి అయ్యా."

అమ్మ ముఖంలోకి చూశాను. నటన లేదు. ఉన్నది భయమే. నన్ను కన్నదీ పెంచిందీ మరిచిపోయి, నేను నేర్పిన అబద్ధాన్ని మాత్రం భద్రంగా దాచుకుంది.  కావలించుకుని ఏడవాలనిపించింది గాని, ఏడిస్తే ఇంకా బెదిరిపోతుంది.

"పొరపాటు పడ్డానమ్మా," అన్నాను. "మీకెవరూ లేరు. మిమ్మల్ని ఎక్కడికీ పంపరు."

ఆమె చేతులు దించింది. పాలలో నానబెట్టిన రొట్టె కొంచెం కొంచెం నోట్లో పెడితే బుద్ధిగా తింది. తింటూ తింటూ నా ముఖంలోకి జాలిగా చూసింది.

"పాపం, నీకు అమ్మ లేదా?"

"ఉందమ్మా," అని మూతి తుడిచాను.