అరుగు మీద మెత్తలు

పొద్దున మొదటి షిఫ్టు బస్సు లక్డారం వచ్చేసరికి నర్సింగ్ ఇంటి అరుగు మీద మెత్తలు చేరి ఉంటాయి. వేరేచోట దిండ్లంటారు, ఇక్కడ మెత్తలు. ఆ రోజు డబుల్ డ్యూటీ పడ్డవాళ్ళు ఎవరి మెత్త వాళ్ళు తెచ్చి అక్కడ పెట్టి, "ప్రేమలతక్కా, జెర నాది సూడు" అని లోపలికి ఒక కేక వేసి బస్సెక్కుతారు. నర్సింగ్ చెల్లెలు ప్రేమలత ఇంటి పని ముగించుకుని, అందులోంచి ఒక్కో మెత్త తీసి తలకింద పెట్టుకుని, దాని మనిషిని మనసులో తలుచుకుని పడుకుంటుంది. ఆమె నిద్రపోతే ఆ మనిషి నిద్రపోయినట్టే. ఇక్కడ ఆమె సంగప్ప మెత్త మీద పడుకుంటే, అక్కడ కంపెనీలో మిషన్ ముందు నిలబడ్డ సంగప్ప కళ్ళు అప్పుడే లేచి మొహం కడుక్కున్నట్టు తేటగా ఉంటాయి.

ఇందులో వింతపడేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు. ఒకరు పిండిమర ఆడిస్తారు, ఒకరు బట్టలు కుడతారు, ప్రేమలత నిద్రపోతుంది. అంతకుముందు ఆ పని వాళ్ళమ్మ ముత్యమ్మ చేసేది. ప్రేమలత పటాన్‌చెరులో ఇంటర్ చేరిన ఏడాదే ముత్యమ్మ పోయింది. దినాలు అయిన మర్నాడు అరుగు మీద మళ్ళీ మెత్తలు కనిపించాయి. వద్దనడానికి ప్రేమలతకు నోరు రాలేదు. కాలేజీ సంచి వంటింట్లో మేకుకు తగిలించింది, ఇప్పుడు అందులో ఉల్లిగడ్డలు ఉంటాయి. పెళ్ళి సంబంధాలూ వచ్చాయి గానీ, పిల్లను చూడ్డానికి వచ్చినప్పుడల్లా పిల్ల ఎవరిదో ఒకరి నిద్రలో ఉండేది.

నిద్రతో పాటు కలలు కూడా ఆమెకే వచ్చేవి. వాటిని దాచుకునే మనిషి కాదు. మెత్త తీసుకోవడానికి వచ్చినవాళ్ళకు చాయ్ పోసి, ఎవరి కల వాళ్ళకు అప్పజెప్పేది. సంగప్పకు ఎప్పుడూ చచ్చిపోయిన బర్రె కల. "మల్ల అదే వచ్చిందన్నా, బిందె నిండ పాలిచ్చింది" అంటే ఆ పెద్దమనిషి సంతోషంగా మెత్త చంకన పెట్టుకుని పోయేవాడు. అందుకే ప్రేమలత కళ్ళు తెరవగానే ఇంట్లోవాళ్ళు అడిగే మొదటి మాట, "ఎవరిది కల?" అని.

నర్సింగ్ కూతురు నిషిత సంగారెడ్డిలో డిగ్రీ చదువుతోంది, కెమిస్ట్రీ. ఆ పిల్ల లేకుండా చుట్టుపక్కల ఒక్క కేకు కోసేవాళ్ళు కాదు. భానూర్‌లో ఎవరి అక్కకో హల్దీ, బొంతపల్లి గుడి దగ్గర ఎవరో మొక్కు తీర్చుకోవడం, కాలేజీలో ఫ్రెషర్స్ డ్యాన్సు, బ్రేకప్ అయిన పిల్ల పక్కన కూర్చుని ఏడవడం, అన్నిటికీ నిషితే. ఇందులో తప్పు పట్టడానికి నాకైతే ఏమీ కనిపించదు. కొందరు పిలిస్తే వెళ్తారు. ఈ పిల్ల పిలవకముందే వెళ్ళి ఆ ఇంటికి మామిడాకులు కడుతూ ఉంటుంది.

మొదటి ఏడాది ఎలాగో ఈడ్చింది. రెండో ఏడాదికి చదువు, దోస్తులు, నిద్ర మూడూ ఒక రోజులో పట్టడం మానేశాయి. చదువు వదిలితే నాన్న ఊరుకోడు, దోస్తుల్ని వదిలితే తాను ఊరుకోలేదు. ఇక వదలడానికి మిగిలింది నిద్ర ఒక్కటే. అది అప్పగించడానికి ఇంట్లోనే అత్త ఉంది. ఒకరోజు సంగప్ప మెత్త పక్కన పూల గలీబు తొడిగిన తన మెత్త కూడా పెట్టేసింది.

నర్సింగ్‌కు నచ్చలేదు. "కష్టం చేసేటోల్ల కోసం ఉన్న నిద్ర గది. దావత్‌లు తిరిగేటోల్లకు ఎందుకు?" అన్నాడు. ప్రేమలత మాత్రం మేనకోడలినే వెనకేసుకొచ్చింది. తిరిగే వయసు, తిరగనీ అంది.

అప్పట్నించి నిషిత సాయంత్రాలు దోస్తులవి, రాత్రులు పుస్తకాలవి, పగళ్ళు కాలేజీవి. ఒక్క ఆవులింత లేదు. ఉద్యోగం కోసం ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి రామచంద్రాపురంలో స్థిరపడ్డవాళ్ళ మనవరాలు రమ్యశ్రీ, నిషిత ప్రాణస్నేహితురాలు, "నిన్ను ఏ ప్లగ్గులో పెట్టి ఛార్జింగ్ చేస్తారే మీ ఇంట్లో?" అని అడిగేది. నిషిత నవ్వేసేది. మా ఊళ్ళో ఇదేం రహస్యం కాదు గానీ, చెప్పుకునేంత సంగతి అని కూడా ఆమెకు తోచలేదు.

ఇంటర్నల్ పరీక్ష రోజున అసలు సంగతి బయటపడింది. చదివింది, నిజంగానే చదివింది. ఏ పేజీలో ఏ రంగు పెన్నుతో గీత గీసిందో కళ్ళముందు ఉంది. గీత మీద ఏముందో మాత్రం లేదు. ఎంత తడుముకున్నా తల కడిగిన పలకలా ఉంది. మార్కులు చూసి కెమిస్ట్రీ మేడం తిట్టలేదు, ఒంట్లో బాగుందా అని అడిగింది. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. ఇంట్లో నర్సింగ్ ఒకే మాట అన్నాడు, సెమిస్టర్ కూడా పోతే కాలేజీ బంద్, అమ్మతో పాటు మందుల కంపెనీలో ప్యాకింగ్‌కు పోవడమే. అతను ఒకసారి అన్న మాట మళ్ళీ అనే రకం కాదు. మందు గోళీలు సర్దీ సర్దీ వేళ్ళు మొద్దుబారిన తల్లి, కూతురి వైపు చూసి తల దించుకుంది.

మర్నాడు నిషిత వంటింటి గడప మీద కూర్చుని, కళ్ళు తుడుచుకుంటూ పైకి చదువుతోంది. ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిస్తే హైడ్రోజన్ ఎటు పోతుంది అన్నచోట ఆగిపోయింది. ఎన్నోసారో అక్కడ ఆగడం. ఉల్లిగడ్డలు కోస్తున్న ప్రేమలత తల ఎత్తకుండానే అంది.

"ఆ రెండు కార్బన్లల్ల దేనికి హైడ్రోజన్లు ఎక్కువున్నయో, కొత్తది గూడ దాని కాడికే పోతది. ఉన్నోల్లకే ఇంకింత. మన తాన లెక్కనే."

నిషిత పుస్తకం మూసింది. "నీకెట్ల తెలుసు అత్తా?"

"ఏమోనే. నీ నిద్రల ఉన్నది."

అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. చదివింది తలలో కుదురుకునేది నిద్రలోనే కదా. నిషిత రాత్రంతా చదివిందల్లా, ఆ నిద్ర ఎవరు పోయారో వాళ్ళ తలలోకి వెళ్ళి కూర్చుంది. ఒక సెమిస్టర్ కెమిస్ట్రీ మొత్తం, బొమ్మలతో సహా, ప్రేమలత దగ్గర భద్రంగా ఉంది. ఇది విని నర్సింగ్ కూడా కోపం మరిచి నవ్వాడు. ప్రేమలత నవ్వలేదు. లేచి పూల గలీబు మెత్త తెచ్చి నిషిత ఒడిలో పెట్టింది.

"ఇయ్యాల్టి సంది నీ నిద్ర నువ్వే పో. నా కాడున్నదంత నీకు చెప్త."

చెప్పింది. మధ్యాహ్నాలు వాకిట్లో ముగ్గుపిండితో బెంజీన్ ఉంగరాలు వేసింది. చుక్కల ముగ్గు వేసే చేతికి ఆరు మూలలు పెద్ద లెక్కా? నిషిత ఎక్కడికీ రావడం లేదని దోస్తులే వెతుక్కుంటూ వచ్చారు. రమ్యశ్రీ వచ్చింది, మొదటి బెంచీలోనే కునికిపాట్లు పడే సాయికిరణ్ వచ్చాడు, ఇంకా పేరుపేరునా చెప్పలేనంతమంది సమోసాల పొట్లాలతో వచ్చారు. ఒక పుట్టినరోజు కేకు కూడా అక్కడే కోశారు, ముగ్గు తొక్కకుండా. ప్రేమలత వాళ్ళ మధ్య కూర్చుని, మూడో ఏడాదిలో ఏం చెప్తారు, క్యాంటీన్‌లో ఏం దొరుకుతాయి అని అడిగేది. మేలుకున్న అత్త అంత బాగుంటుందని నిషితకు అప్పటిదాకా తెలియదు. తెలిసినందుకు సంతోషమూ వేసింది, ఇన్నాళ్ళూ తెలియనందుకు సిగ్గూ వేసింది.

ఇటు అరుగు మీద మెత్తలు పేరుకుపోతున్నాయి. ఒకరోజు రెండు డ్యూటీలు చేసిన సంగప్ప ఎర్రటి కళ్ళతో వచ్చాడు. పెట్టిన మెత్త పెట్టినట్టే ఉంది. దాని మీది దుమ్ము దులిపి, చంకన పెట్టుకుని, ఇవాళ బర్రె కల కూడా లేకుండా వెళ్ళిపోయాడు. ప్రేమలత చేతికంటిన ముగ్గుపిండి కొంగుకు తుడుచుకుని లేచింది.

"ఇగ చాలు బిడ్డా. నాకు వచ్చింది నీకు చెప్పిన. నా పని నాకున్నది."

మెత్త తీసుకుని లోపలికి పోతూ, ముగ్గు చెరగకుండా పక్కనించి నడిచింది. నిషిత అది చూసింది. పైన మేకుకు వేలాడుతున్న ఉల్లిగడ్డల సంచినీ చూసింది. వెనకాలే వెళ్ళి, ఆ విద్య తనకూ వస్తుందా అని అడిగింది.

"దాంట్ల ఏమున్నదే? వాల్లను మనసుల తలుసుకోని పండుడే. మీ నాయినకు గూడ వస్తది. కని ఈడ నిద్ర మిగిలినోల్లు ఎవలున్నరు?"

నిషితకు నవ్వొచ్చింది. కంపెనీల మధ్య బతికే ఊళ్ళో ఎవరికీ నిద్ర మిగలదు, నిజమే. డిగ్రీ కాలేజీలో మాత్రం ఆ సరుకు కొరత లేదు.

ఫోన్లు చేసింది. ఇన్నాళ్ళూ ఎవరెవరింటికి పిలవకముందే వెళ్ళిందో వాళ్ళంతా, ఎందుకని అడక్కుండా వచ్చారు. అరుగు మీద, నడవలో, మంచాల కింద కూడా, ఒక్కో మెత్త మీద ఒక్కరు పడుకున్నారు. ఎవరి మెత్తో వాళ్ళ గురించి ప్రేమలత నాలుగు మాటలు చెప్పింది, తలుచుకోవడానికి వీలుగా. సాయంత్రం రమ్యశ్రీ లేచి కూర్చుని, "ఆంటీ, నాకు బర్రె వచ్చిందండీ. పాలు పొంగిపోతున్నాయి" అంది. గేటు దగ్గర నిలబడ్డ సంగప్ప మొహం విప్పారింది. ఇక సాయికిరణ్ సంగతి చెప్పనక్కరలేదు. పుట్టి బుద్ధెరిగాక వాడికి ఫస్టు వచ్చిన పని అదే.

సెమిస్టర్‌లో నిషిత పాసైంది. అన్నిట్లో ముందేమీ కాదు, బాగానే పాసైంది. హల్దీలకు ఇప్పుడూ వెళ్తుంది గానీ పదింటికల్లా ఇంటికొచ్చి తన మెత్త మీద తాను పడుకుంటుంది. ఆదివారాలు దోస్తులు వస్తూనే ఉన్నారు, ఒకళ్ళిద్దరు మిగతా రోజుల్లో కూడా.

ఇక సంచిలోంచి ఉల్లిగడ్డలు బుట్టలోకి పోశారు. నిషిత అత్తను పటాన్‌చెరులో ఓపెన్ ఇంటర్‌లో చేర్పించింది. నలభై దాటాక చదువేంటని నర్సింగ్ గొణిగాడు. గొణుగుతూనే ఆ సంచిని సబ్బు పెట్టి ఉతికాడు, వాసన పోకపోతే మళ్ళీ ఉతికాడు.

మొదటి క్లాసుకు ముందు రోజు ప్రేమలత పుస్తకం చదివి, ఇక పడుకుందామని మెత్త కోసం వెతికింది. అప్పుడు తెలిసింది ఇంట్లోవాళ్ళకు, ఆమెకు మెత్త లేదని. ఇన్నేళ్ళూ పరాయి మెత్తల మీదే పడుకున్న మనిషికి సొంతంగా ఒకటి కావాలని ఎవరికీ తట్టలేదు. నిషితకు దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే తన పాత చున్నీ మడిచి కుట్టి, దూది కూరి, అత్త తలకింద పెట్టింది.

మర్నాడు మొదటి షిఫ్టు బస్సు వచ్చి వెళ్ళిపోయింది. అరుగు మీది మెత్తలు దోస్తులు అందుకున్నారు. బాగా ఎండెక్కాక ప్రేమలత లేచి, విడిపోయిన జుట్టుతో, తనలో తాను నవ్వుకుంటూ కూర్చుంది. నిషిత అలవాటుగా అడిగింది.

"ఎవరిది అత్తా కల?"

ప్రేమలత కూడా అలవాటుగా మెత్త వైపు చూసింది. చున్నీ మీద చెయ్యి వేసి తడిమింది.

"నాదేనే" అంది.

ఏం వచ్చిందని నిషిత అడిగింది, నర్సింగ్ అడిగాడు, చాయ్ ఇస్తూ వదిన కూడా అడిగింది. అందరి కలలూ అందరికీ అప్పజెప్పిన ఆ మనిషి, ఆ ఒక్కటీ ఎవరికీ చెప్పకుండా తన దగ్గరే పెట్టుకుని, ఉల్లిగడ్డ వాసన ఇంకా పోని సంచి భుజాన వేసుకుని, పటాన్‌చెరు బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.