గిన్నెల మిషను జల్లెడ

పెళ్ళయిన కొత్తలో మా అమ్మాయి తన దగ్గరే ఉండిపొమ్మని పోరు పెడితే, "ముప్పై ఏళ్ళు హాస్టలు వంటింట్లో గిన్నెలు తోమాను. మళ్ళీ మీ ఇంట్లో తోమడానికి రమ్మంటావా తల్లీ?" అన్నాను. నవ్వులాటకి అన్న మాటే. పక్కనున్న అల్లుడు మాత్రం నవ్వలేదు. ఈసారి నేను వచ్చేసరికి వంటింట్లో డిష్‌వాషర్ కూర్చుని ఉంది.

నా నోరు ఊరుకోదు కదా. మొదటి రోజే, "మిషను కడిగితే అది కడిగినట్టా?" అనేశాను. అల్లుడి మొహం చిన్నబోయింది. అసలే అతనికి నోట్లో నాలుక లేదు. "భోంచేశారా అత్తయ్యగారూ", "పడుకుంటారా అత్తయ్యగారూ", అంతకు మించి నాతో మాట్లాడి ఎరగడు.

తప్పు పట్టుకుందామని రోజూ పొద్దున్నే కంచాలు తిప్పి తిప్పి చూసేదాన్ని. అద్దాల్లా మెరిసేవి. ఇక ఆ ఇంట్లో నాకు పనేముంది? బట్టలకో మిషను, గిన్నెలకో మిషను. చుట్టంలా సోఫాలో కూర్చుని తినడానికి మనసొప్పలేదు. ఆదివారం వెళ్ళిపోతానని టికెట్టు తీయించాను. అమ్మాయి ముభావంగా తిరిగింది. నిజానికి నాకూ వెళ్ళాలని లేదు.

శుక్రవారం తెల్లవారుతుండగా మెలకువ వచ్చి మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. అల్లుడు కుళాయి సన్నగా తిప్పుకుని, మిషనులోంచి తీసిన కంచాలు చప్పుడు కాకుండా చేత్తో తోముతున్నాడు. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఇదేంటి బాబూ?"

"ఈమధ్య సరిగ్గా కడగట్లేదండీ. కంచాలు గరగరలాడుతున్నాయి, వాసన కూడా వస్తోంది. మీరు చూస్తారని..." కుళాయి కట్టేశాడు. "గిన్నెలు తోమాల్సి వస్తుందనే కదా రానన్నారు. అందుకే కొన్నానండీ. ఇది కూడా పనికిరాదంటే, మిమ్మల్ని ఉండమనడానికి నా దగ్గర ఇంకేం లేదు."

ఇన్నాళ్ళూ నేను తప్పులు వెతికింది ఈ పిల్లాడి చేతిపనిలోనా! సిగ్గేసింది, అతని మీద ఆపేక్షా పుట్టింది. పైకి మాత్రం, "ఎప్పుడన్నా దీన్ని కడిగారా?" అన్నాను.

"కడిగేదాన్ని మళ్ళీ కడగడమేంటండీ?"

"రోజూ స్నానాలు చేసే గదే కదా అని బాత్రూము కడగడం మానేస్తామా బాబూ?"

ఫక్కున నవ్వాడు. నా ఎదుట అతను నవ్వడం అదే మొదలు.

మిషనుతో వచ్చిన పుస్తకం అతను చదువుతుంటే నేను చెయ్యి పెట్టాను. కింది అర బయటికి లాగేసి, అడుగున ఉన్న జల్లెడని తిప్పితే ఊడి వచ్చింది. దాని నిండా జిగట, నానిన తొక్కలు. అల్లుడు ముక్కు మూసుకున్నాడు.

"ఇంత కుళ్ళు కడుపులో పెట్టుకుని అది మాత్రం ఏం కడుగుతుంది, పాపం" అన్నాను.

జల్లెడని వేడి సబ్బునీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. నీళ్ళు చిమ్మే రెక్క తీసి చూస్తే చిల్లుల్లో నిమ్మగింజలు ఇరుక్కుని ఉన్నాయి. అతను నా తలపిన్ను అడిగి తీసుకుని, పసివాడి చెవిలో గుబిలి తీసినంత జాగ్రత్తగా ఒక్కొక్క గింజా బయటికి లాగాడు. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతల్లో జిడ్డు నేను తడిగుడ్డతో తుడిచాను. జల్లెడ మాత్రం తిరిగి అతనే పెట్టి, టక్కుమనేదాకా బిగించాడు. పై అరలో చిన్న గిన్నెడు వెనిగర్ పెట్టి, ఖాళీ మిషనుని బాగా వేడినీళ్ళతో ఒకసారి తిప్పాం.

అది గుడగుడలాడుతున్నంతసేపూ ఇద్దరం నేల మీదే కూర్చుని టీ తాగాం. వాళ్ళ ఆఫీసు లిఫ్టు గురించి, చిన్నప్పుడు తను పెంచిన కుంటి పిల్లి గురించి చెప్పుకొచ్చాడు. ఇన్ని మాటలు ఎక్కడ దాచుకున్నాడో! నాకు ఎంతో హాయిగా అనిపించింది.

ఆ పూట గిన్నెలు మిషనే కడిగింది. సాయంత్రం అమ్మాయి గ్లాసుని దీపానికి ఎత్తి చూసి, "మెకానిక్ వచ్చాడా?" అంది.

"లేదు. నెలకోసారి జల్లెడ విప్పి కడగాలట" అన్నాడు అల్లుడు, కంచంలోంచి తలెత్తకుండా.

అమ్మాయి నా వైపు తిరిగింది. "ఎల్లుండే కదా ప్రయాణం, బట్టలు ఎప్పుడు సర్దుకుంటావమ్మా?"

"సర్దుకోను. ఆ టికెట్టు రద్దు చేయించు."

"అదేంటి?"

"నెలకోసారి విప్పాలట కదే. మీ ఆయనకి ఆ జల్లెడ తిరిగి బిగించడం రాదు."

"అస్సలు రాదు" అన్నాడు అల్లుడు.