పరాయి భుజం మీద ఎర్రంచు

నేను ఒక చీరను. పాలమీగడ రంగు ఒళ్ళు, దానికి జానెడు ఎర్రంచు. ఉప్పాడలో, సముద్రపు హోరు వినిపించే ఒక పెంకుటింట్లో, వీరభద్రం అనే నేతగాడి మగ్గం మీద పుట్టాను.

"ఇంత ఎరుపు ఎవరు కడతారయ్యా?" అని ఆయన భార్య మూతి విరిచింది.

"బెంగాలోళ్ళు కడతారంట. ఆళ్ళ ముత్తైదువులకి ఎర్రంచుంటేనే శుభమంట" అన్నాడాయన.

శుభం అన్న మాట విని నేను మురిసిపోయాను. పుట్టీ పుట్టగానే గర్వం నేర్చుకున్నాను.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో చీరల మూట మోసుకు తిరిగే వ్యాపారి దగ్గర నన్ను నిఖిలేశ్ అనే గుమస్తా కొన్నాడు, కొత్త పెళ్ళాం నిభ కోసం. నిభ నన్ను ఒక్క దుర్గాపూజకే కట్టుకుంది. ఆ చలికాలంలోనే నిఖిలేశ్ జ్వరమొచ్చి పోయాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నిభ చేతి శంఖపు గాజులు తీయించారు. నన్ను ట్రంకుపెట్టె అడుగుకు తోసేశారు. ఆమెకు అంచులేని తెల్లచీరలు వచ్చాయి.

నిభ శ్రీరాంపూర్‌లో తమ్ముడింటికి చేరింది. తమ్ముడూ, మరదలు సుతపా ఇద్దరూ ఉద్యోగాలకు పోతే, వాళ్ళ కూతురు రుచిర నిభ ఒళ్ళో పెరిగింది. ఆ పిల్లకు అన్నం కలిపి పెట్టిందీ, తట్టు పోసినప్పుడు పక్కన కూర్చుందీ, జడ వేసిందీ నిభే. రుచిర ఆమెను 'పిషీ' అనేది. బెంగాలీలో మేనత్తను అలాగే పిలుస్తారు. పెట్టెలో నుంచి ఆ పిలుపు వింటూ నేను ఏళ్ళు గడిపాను.

రుచిర పోర్చుగల్‌లో చదువుకుంటూ అక్కడే ఒక బెంగాలీ కుర్రాణ్ణి ఇష్టపడింది. పెళ్ళికి అక్కడి నుంచి ఇనేష్ అనే స్నేహితురాలు వచ్చింది. రుచిర కంటే పదేళ్ళు పెద్దది, నెమ్మదస్తురాలు. ఆమె వచ్చింది గానీ ఆమె సూట్‌కేసు రాలేదు. పెళ్ళిరోజు మధ్యాహ్నానికి కూడా జాడ లేదు.

"ఏం కంగారు పడకమ్మా, నా దగ్గరొక చీర ఉంది" అంది నిభ. రైల్వే కాలనీలో నేర్చుకున్న ఇంగ్లీషు ఆమెకు ఇంకా మాట్లాడేంత ఉంది.

పెట్టె మూత తెరుచుకుంది. నిభ చేతులు ముడతలు పడ్డాయి. పొరుగింటావిడ జాకెట్టు తెప్పించి, బెంగాలీ కట్టుతో నన్ను ఇనేష్‌కు కట్టింది. ఒకడుగు వెనక్కి వేసి ముచ్చటగా చూసి, "లక్ష్మిలా ఉన్నావు" అంది. ఆ మాట తనకెవరో అన్నట్టు ఆమె ముఖం వెలిగింది.

పొద్దు వాలుతుండగా పెళ్ళికొడుకు కారు దిగాడు. శంఖాలు మోగాయి. ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ మంగళధ్వని చేశారు. వరుణ్ణి ఎదుర్కొని, పళ్ళెం అతని నుదుటికి తాకించి, చుట్టూ తిరగాల్సింది ముత్తైదువులే. వాళ్ళ లెక్క బేసిగా ఉండాలట. ఒకామె కారు దారిలో ఆగిపోయింది. సుతపా కంగారుగా చుట్టూ చూస్తే నా ఎర్రంచు కంటపడింది.

"మీకు పెళ్ళయిందా?" అని అడిగింది ఇనేష్‌ను.

ఇనేష్ తల ఊపింది. చేతికి ఉంగరం కూడా ఉంది.

"అయితే పట్టండి!" అంటూ దీపం, వడ్లు, గరిక ఉన్న పళ్ళెం ఆమె చేతుల్లో పెట్టేసింది.

అందరూ చప్పట్లు కొట్టారు. దీపాల వెలుగులో నేను మెరిసిపోయాను. ఫోటోలన్నీ నావే. ఇనేష్ అప్పుడు అటూ ఇటూ చూసి అడిగింది.

"పిషీ ఏరి? ఈ పళ్ళెం పట్టాల్సింది ఆవిడ కాదా?"

"దిదీకి భర్త లేరు కదండీ. ఆవిడే ముందుకు రారు. మాకేం అలాంటి పట్టింపులు లేవు" అంది సుతపా, వరుడి వైపు నడుస్తూ.

ఇనేష్ వేళ్ళు పళ్ళెం మీద బిగుసుకున్నాయి. ఆమె ఒంటిమీద ఉన్నదాన్ని కాబట్టి గుండె దడ నాకు తెలిసింది. తల పైకెత్తింది. మేడ మీది కిటికీ చువ్వల వెనక తెల్లచీర కనిపించింది. ఆమె నోరు తెరిచింది. వెనక నుంచి ఎవరో "నడవండి, నడవండి" అని భుజం తట్టారు. ఆమె నడిచింది. పళ్ళెం వరుడి నుదుటికి తాకించింది. చుట్టూ తిరిగింది. తిరిగినంతసేపూ నేను సిగ్గుతో చితికిపోయాను. నన్ను కట్టుకున్నందుకు ఒకామెకు ముందు వరస. నన్ను దాచుకున్నామెకు కిటికీ.

రుచిరను పీట మీద మోసుకొచ్చారు. ముఖానికి అడ్డం పెట్టుకున్న తమలపాకులు తీసి ఆమె వరుణ్ణి చూస్తున్నప్పుడు, ఇనేష్ గుంపులోంచి తప్పుకుని మేడెక్కింది.

"పిషీ, నా భర్త పోయి మూడేళ్ళయింది" అంది. "పెళ్ళయిందా అని అడిగారు. అయిందన్నాను. భర్త ఉన్నవాళ్ళే పళ్ళెం పట్టాలని తర్వాత తెలిసింది. చెప్పాల్సింది. చెప్పలేకపోయాను."

నిభ ముఖం తెల్లబోయింది. గబుక్కున కిటికీలోంచి పెళ్ళికొడుకును చూసింది. అతను ఎవరితోనో నవ్వుతున్నాడు.

"కింద ఎవరితోనూ అనకు" అంది. "మీ ఊళ్ళో ఎవరూ పక్కకు జరగమనరా?" అని అడిగింది.

"మా అమ్మమ్మను అనేవాళ్ళు. భర్త పోయాక కట్టిన నల్లబట్టలతోనే ఆవిడా పోయింది. నన్ను ఎవరూ అనలేదు."

నిభ కిటికీ దగ్గర ఆమెకు చోటిచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఇనేష్ ప్రయాణంలో వేసుకొచ్చిన తన సొంత గౌను వేసుకుని, నన్ను మేడగదిలో మంచం మీద నిభ పక్కన పెట్టి కిందికి వెళ్ళింది. వాకిట్లో అప్పగింతలు. పెద్దలు వడ్లూ గరికా వేసి వధువును దీవిస్తున్నారు.

"రండి, నిన్న మీ చెయ్యి మాకు కలిసొచ్చింది. ముందు మీరే దీవించండి" అని సుతపా గొంతు వినిపించింది.

"నేను వితంతువును" అంది ఇనేష్. గట్టిగానే అంది. "నేను దీవించవచ్చంటే పిషీ కూడా దీవించాలి."

మేడ మీద నిభ కళ్ళు మూసుకుంది. ఊరందరి ముందు తన సంగతి పంచాయితీ అయినందుకు ఆమె మెడ కుంగిపోయింది. మంచి మాటే. కానీ దాని బరువంతా ఆమె మీదే పడింది.

అప్పుడు రుచిర గొంతు వినిపించింది. "నాకు తెలుసమ్మా. ఇనేష్ భర్త అంత్యక్రియలకు నేను వెళ్ళాను."

మెట్ల మీద గజ్జెల చప్పుడు. పారాణి పాదాలతో రుచిర గదిలోకి వచ్చి నేలమీద కూలబడింది.

"పిషీ, నిన్న ఇనేష్ పళ్ళెం పట్టిందని విన్నప్పుడు నాకు తప్పనిపించలేదు. నువ్వు పైన ఉండిపోయావన్న సంగతి కూడా తోచలేదు."

నిభ తలెత్తకుండా నన్ను మడతపెట్టసాగింది. "పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు కదమ్మా. అలవాటైపోయింది నీకు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆ పిల్ల తట్టుకునేది.

"దీవించు పిషీ."

"పళ్ళెం కింద ఉంది."

"పళ్ళెం వద్దు."

కింద కారు హారన్ కొట్టారు. నిభ చెయ్యి ఎత్తింది. సగందాకా వచ్చి ఆ చెయ్యి గాలిలో ఆగిపోయింది. దించలేదు, వెనక్కి తీసుకోలేదు. రుచిర మోకాళ్ళ మీద లేచి, తన తలను తనే ఆ అరచేతికి ఆనించింది. గుమ్మం దగ్గర సుతపా పళ్ళెంతో నిలబడి ఉంది. లోపలికి రాలేదు, వెళ్ళిపోలేదు.

అది జరిగి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ ఇంట్లో శుభకార్యం అంటే సుతపా మేడెక్కి వచ్చి పిలుస్తుంది. నిభ ఒకసారి వెళుతుంది, ఒకసారి వెళ్ళదు. వెళ్ళినా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. నన్ను మాత్రం పెట్టెలో పెట్టనివ్వలేదు, కట్టుకోనూ లేదు. కుర్చీ వీపు మీద వేసి ఉంచింది. గదిలోకి వచ్చినవాళ్ళు నన్ను చూసి చప్పున చూపు తిప్పుకుంటారు. వాళ్ళు సిగ్గుపడుతున్నది నా గురించి కాదు, తమ గురించేనని తెలుసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.