నాలుగు వందల నలభై అయిదో పోర్టు

అది కేరళ కుట్టనాడులో రెండో వరద వచ్చిన ఏడాది. మొదటి వరదలో సిజో పడవ బోల్తాపడింది. శవం దొరకలేదు. భుజాన ఉన్న ల్యాప్‌టాప్ కూడా దొరకలేదు. పోయినవాళ్ళకు చర్చిలో చెప్పే ప్రార్థన అతనికి చెప్పించనివ్వలేదు భార్య లిజి. చివరికి వచ్చే ఆదివారానికి ఒప్పుకుంది.

దానికి సిజో ఫోటో కావాలి. అది మా గ్రంథాలయం కంప్యూటర్లో ఉంది. అందులో లినక్స్ ఎక్కించిందీ సిజోనే. నేనక్కడ తలుపులు తీసి ఊడుస్తాను.

మధ్యాహ్నం వాన. ఫోటో కోసం లిజి వచ్చింది. ఫోటోను పక్కగదిలో ప్రింటరున్న కంప్యూటరుకు అందించాలని, గ్రంథాలయం చూసే రెమ్య ఫైళ్ళు పంచే సర్వీసు మొదలుపెట్టింది. అది లేవలేదు.

"నాలుగు వందల నలభై అయిదో పోర్టులో ముందే ఎవరో ఉన్నారంటోంది."

"అర్థమయ్యేట్టు చెప్పు తల్లీ," అన్నాను.

"గుంజ ఒకటే తాతా, ఒక్క పడవే కట్టాలి. ఇంకెవరో కట్టేశారు." వెతికింది. "సిజో అన్నయ్య పేరు మీద నడుస్తోంది. పాత సర్వీసు."

ఆపింది. అది మళ్ళీ లేచింది. ఇంకోసారి ఆపింది. లేచింది. మా దగ్గర గాలి కొడితే కరెంటు పోతుంది. అందుకని సిజో అన్నిటినీ వాటంతటవే లేచేట్టు పెట్టేవాడు.

"ఉన్నప్పుడూ అంతే," అంది లిజి. "పొమ్మంటే గుమ్మంలోనే నిలబడేవాడు."

రెమ్య నవ్వబోయి ఆగింది. "అక్కా, దీనికి ఎవరో తగులుకుని ఉన్నారు. సిజో ల్యాప్‌టాప్ అని చూపిస్తోంది."

"పాత పేరేమోలే," అన్నాను.

"కాదు తాతా, ఇప్పుడే. ఒక ఫైలు తెరుచుకుని చూస్తున్నారు."

ఆ ఫైలేదో తనూ తెరిచింది. పోయిన వారం లిజి ఫోన్లోంచి ఎక్కించిన ఫోటో. వాళ్ళ పాప. మొదటి వరద పోయాక పుట్టింది. సిజో చూడలేదు.

లిజి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇక ఆపకు రెమ్యా. చూసుకోనీ."

"మరి ఆదివారం, అక్కా?"

లిజి నాకేసి చూసింది. నేను గోడమీది తీగకేసి చూశాను. ఆ కంప్యూటరుకు బయటినుంచి వచ్చేది ఆ ఒక్క నెట్‌వర్కు తీగే. కాలవ పక్కనున్న సిజో ఇంటినుంచి వస్తుంది. ఆ ఇల్లు ఇంకా నీళ్ళలోనే ఉంది.

మర్నాడు పొద్దున తీగ వెంబడే పడవ వేసుకుని వెళ్ళాను. ఇంటికి ఇవతలే తెగి ఉంది. తెగిన కొనకు నత్తలు పట్టి గట్టిపడ్డాయి. పడవ తిప్పి చర్చికి వెళ్ళి, ఆదివారం ప్రార్థన వద్దని ఫాదర్‌తో చెప్పాను.