పన్నెండో అంకె దగ్గర నవ్విన పిల్ల

మా వెర్మాంట్ కొండల్లో నాకంటే పనికిమాలినవాడు లేడని మా అక్క డ్రూసిల్లా ఊరంతా చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. పంతులు కుర్చీకి మేపుల్ చెట్టు రసం కాచిన జిగురు పాకం పూసి, బడి నుంచి బయటపడ్డవాణ్ణి. నన్ను మించింది మాత్రం ఒకతి ఉంది. అక్క కూతురు లోవీనా, నాలుగేళ్లది. నా బూటులో బతికున్న కప్పను పెట్టి, నేను గెంతుతుంటే, "ఇంకోసారి గెంతు మావయ్యా, బాగుంది" అంది.

ఆ వేసవిలో ఫోటోలు తీసే పింకమ్ బండి కట్టుకుని మా ఊరొచ్చాడు. అప్పట్లో ఫోటో అంటే వెండిపూత రేకు మీద పడే బొమ్మ. ఇరవై లెక్కపెట్టేదాకా కదలకూడదు. కదిలితే మొహం చెదిరిపోతుంది. లోవీనా తల కదలకుండా వెనక ఇనప కొక్కెం ఆనించి, పింకమ్ కెమెరా మూత తీసి లెక్కపెట్టసాగాడు.

నేను ఊరుకుంటేనా? అతని వెనక నిలబడి, పాలబకెట్ నెత్తిన బోర్లించుకుని, కోడిపుంజులా నడిచాను. పన్నెండు దగ్గర పిల్ల పకపకా నవ్వింది.

గౌను, చేతులు, బూట్లు చక్కగా పడ్డాయి. మొహం ఉండాల్సిన చోట పొగ.

"నీ మొహం మండ! పిల్ల మొహం మాయం చేశావు గదరా!" అంటూ అక్క చీపురు తీసింది.

"వచ్చే ఏడు తీయిద్దాంలే అక్కా" అన్నాను, పరిగెడుతూనే.

మార్చిలో, రసం పట్టడానికి మేపుల్ చెట్లకు బకెట్లు తగిలించే రోజుల్లో, లోవీనాకు గొంతువాపు జ్వరం వచ్చింది. ఆరో రోజుకి మాట పీలగా అయిపోయింది. డాక్టరు చేదు మందు పట్టబోతే చెంచా నా వైపు తోసి, "మావయ్యకు కూడా పొయ్యి. పాపం, పనికిమాలినవాడు" అంది. తాగాను. నా మొహం చూసి నవ్వింది. డాక్టరు కిటికీ వైపు తిరిగిపోయాడు.

మర్నాడు పోయింది.

బతికుండగా సరైన బొమ్మ లేని బిడ్డకు పోయాకైనా తీయించడం మా ఆనవాయితీ. బావ మంచు మీద జారే బండి తోలుకెళ్లి పింకమ్‌ను తెచ్చాడు. పిల్లను దిండు మీద నిద్రపోతున్నట్టు పడుకోబెట్టారు.

"ఈసారి కొక్కెం అక్కర్లేదు" అన్నాడు పింకమ్, మెల్లగా.

ఏం పుట్టిందో నాకు, మూలనున్న బకెట్ తీసి నెత్తిన పెట్టుకున్నాను. అక్క చూసింది. ఇరవై అయిపోయింది. బొమ్మ ఒక్క గీతైనా చెదరకుండా పడింది.

అక్క ఇక నా మొహం చూడదనుకున్నాను. బతికున్నప్పటి కూతురి మొహం ఆమెకు దక్కకుండా చేసింది నేనే గదా.

ఆదివారం పాదరీ భార్య మిసెస్ టటిల్ పరామర్శకు వచ్చింది. పొయ్యిగూటి మీద బొమ్మ చూసి, "అయ్యో, ఇది చెదిరిందే! కొత్తది బాగా పడిందటగా?" అంది.

"పడిందమ్మా, పెట్టెలో ఉంది" అంది అక్క. "అందులో పిల్ల ఒద్దికగా పడుకుంది. నా కూతురు ఏనాడు ఒద్దికగా ఉంది? ఊళ్లో అందరి పిల్లలూ బొమ్మల్లో కొయ్యల్లా కూచున్నారు, మీవాళ్లతో సహా. నవ్వింది నాదొక్కతే."

మిసెస్ టటిల్ చెదిరిన బొమ్మను మళ్లీ దగ్గరగా చూసింది.

అక్క నా వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు, తల మాత్రం నిటారుగా ఉంది.

"ఎందుకు నవ్విందో ఈవిడకి చూపించరా, వెధవా."

బకెట్ కోసం పాకలోకి పరిగెత్తాను.